ఉత్తుత్తి ఇంటర్వ్యూ

జంగయ్య స్టీరింగు పట్టుకుంటే ఎంత నమ్మొచ్చో, నోరు తెరిస్తే అంత నమ్మకూడదు. జిన్నారం పక్కన ఒక మందుల కంపెనీలో హెచ్చార్ మేనేజర్ నవీన్‌కుమార్‌కు డ్రైవరు. చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది గానీ, వెనక సీట్లో మేనేజర్ ఫోన్‌లో మాట్లాడే మాటలన్నీ వంటబట్టించుకున్నాడు. అదే గొంతుతో తోటి డ్రైవర్లకు ఫోన్ చేసి, రేపటినుంచి నీకు రాత్రి డ్యూటీ అని చెప్పి, వాళ్లకు చెమటలు పట్టాక పగలబడి నవ్వేవాడు. కంపెనీ ఇచ్చిన తెల్లచొక్కా టక్ చేసి, నల్లబూట్లు తొడిగి, మీసానికి రంగేసుకుని దిగాడంటే, వెనక డోరులోంచి దిగే మేనేజరే కొత్తగా చేరిన ట్రైనీలా కనబడేవాడు.

ఆ శుక్రవారం సంగారెడ్డి రోడ్డులోని ఒక పీజీ కాలేజీలో వర్క్‌షాప్ ముగింపు. ఎమ్మెస్సీ పిల్లలకు, పరిశోధన చేసే పిల్లలకు ఉద్యోగాల కోసం శిక్షణ. బయోడేటా ఎట్లా రాయాలి, మెయిల్ ఎట్లా పంపాలి, నలుగురిలో ఎట్లా నోరు విప్పాలి అన్నవన్నీ ముందురోజుల్లో అయిపోయాయి. మిగిలింది ఉత్తుత్తి ఇంటర్వ్యూ. కంపెనీ పెద్దమనిషి ఒకాయన కూర్చుని నిజంగా అడిగినట్టే అడుగుతాడు, పిల్లలు నిజంగా చెప్పినట్టే చెబుతారు. నవీన్‌కుమార్ వస్తానని మాటిచ్చాడు. తీరా పొద్దున్నే కంపెనీకి ఆడిట్ వాళ్లు దిగారు. ఉత్త ఫోన్ చేస్తే బాగుండదని, క్షమించమనే మాటతో, ఒక పండ్లబుట్టతో జంగయ్యను పంపాడు.

మన దగ్గర ముందు శాలువా కప్పుతారు, పేరు తర్వాత అడుగుతారు. జంగయ్య కారు దిగేసరికి ఇద్దరమ్మాయిలు బొకే చేతిలో పెట్టారు, ఒకబ్బాయి శాలువా కప్పాడు, ఇంకో అబ్బాయి ఫొటో తీశాడు. వర్క్‌షాప్ నడిపే సూర్యప్రకాశరావు సారు ఎదురొచ్చి చెయ్యి కలిపాడు. జంగయ్య ఆయన్ను పక్కకు తీసుకుపోయి అసలు సంగతి చెప్పాడు. అప్పటికే హాలు నిండింది. సూర్యప్రకాశరావు సారు వేదిక మీది ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

"మీరే కూర్చోండి బాబూ. ఎలాగూ ఉత్తుత్తిదే కదా. ఫొటోలో ఆ కుర్చీ ఖాళీగా ఉంటే పైవాళ్లకు నేనేం చెప్పుకోను?" అన్నాడు.

జంగయ్యను ఇంకోసారి బతిమాలాల్సిన పని పడలేదు. ఇంత పెద్ద హాలు, ఇంత మంచి వేషం, పైగా సారే ఒప్పుకున్నాడు.

కుర్చీలో వెనక్కి వాలి, మేనేజర్‌లాగే పెన్ను టేబుల్‌ మీద తడుతూ మొదలుపెట్టాడు. ఒకడిని నోటీస్ పీరియడ్ ఎంత అన్నాడు. అసలు ఉద్యోగమే లేదు సార్ అని వాడంటే, మరి ఖాళీగా ఉండడానికి ఎంత తీసుకుంటావు అన్నాడు. హాలంతా నవ్వులు. నైట్ షిఫ్టులో నిద్రొస్తే ఏం చేస్తావు, మీ సూపర్‌వైజర్‌కు బట్టతల అని నిజం చెబుతావా అని అడుగుతుంటే, ముందురోజుల్లో బిగుసుకుపోయి కూర్చున్న పిల్లలు కూడా ముందు వరుసలోకి జరిగారు. సూర్యప్రకాశరావు సారు కూడా జేబురుమాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

చివర్లో ప్రేమలత వచ్చింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, జిన్నారం మండలంలోనే ఏదో ఊరు. ఆమె నవ్వలేదు. నమస్కారం పెట్టి, కుర్చీ అంచున కూర్చుని, తన ప్రాజెక్టు గురించి చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. ఆపాక హాలు మాట్లాడకుండా ఉండిపోయింది. అంతసేపు నవ్వులు విన్న జంగయ్యకు ఆ నిశ్శబ్దం నచ్చలేదు. లేచి, తనకిచ్చిన బొకే ఆమె చేతిలో పెట్టాడు.

"యూ ఆర్ సెలెక్టెడ్. మండే వచ్చి జాయిన్ అయిపో" అన్నాడు.

చప్పట్లు మోగిపోయాయి. జంగయ్యకు కావలసింది అదే.

అందరూ భోజనాలకు లేస్తుంటే ప్రేమలత దగ్గరికొచ్చింది. "సార్, నేను ముత్తంగి గోదాంల సాయంత్రం పూట పార్సిళ్లు స్కాన్ జేస్త. సోమవారం వస్తే ఆ పని బంద్ జేసుకోవాలె. జేసుకోనా సార్?"

పిల్ల కూడా ఆటలో భలే కలిసిందే అనుకున్నాడు. "బంద్ జెయ్యి. మా కంపెనీకొచ్చేటోళ్లకు గోదాంల ఏం పని?"

ఆమె వంగి ఆయన కాళ్లు ముట్టుకుంది.

ఆటలో కాళ్లెవరు ముట్టుకుంటారు? జంగయ్య గబుక్కున వెనక్కి జరిగాడు. అసలు సంగతి చెబుదామని నోరు తెరిచేలోపు సెల్ఫీల కోసం పిల్లలు చుట్టుముట్టారు. వాళ్లను తప్పించుకుని చూస్తే ఆమె కనబడలేదు. భోజనంలో పెట్టిన బగారన్నం పక్కన పెట్టేశాడు. సూర్యప్రకాశరావు సారుకు చెబితే, చదువుకున్న పిల్ల, ఆ మాత్రం తెలియదా అని పెరుగు కలుపుకున్నాడు. అయితే ఆ పిల్ల నంబరన్నా ఇప్పించమన్నాడు జంగయ్య. ఇప్పుడు ఫోన్ చేసి మీరెవరో చెబితే నా వర్క్‌షాప్ ఏం కావాలి అన్నాడు ఆయన.

ఆ రాత్రి ఇంటికెళ్లి భార్యకు హాలు సంగతి చెప్పాడు, చప్పట్ల సంగతి చెప్పాడు, కాళ్ల సంగతి చెప్పలేదు. మర్నాడు డ్యూటీ అయ్యాక కారు తీసుకునే ముత్తంగికి పోయాడు. పేరు చెప్పి అడిగితే గోదాం సూపర్‌వైజర్ నర్సింగ్, ఆ పిల్ల నిన్ననే కార్డు అప్పజెప్పి పోయింది, పెద్ద కంపెనీల సెలెక్ట్ అయిందంట, అందరికీ చాక్లెట్లు పంచింది అన్నాడు. ఆమె చోటులో అప్పటికే ఒక ఒడిశా పిల్లగాడు స్కానర్ పట్టుకుని నిలబడ్డాడు. జంగయ్య అది చూసి, వచ్చి కారులో కూర్చున్నాడు. తాళం తిప్పలేదు. మేనేజర్ గొంతుతో ఎంతమందిని వణికించాడో, వాళ్లందరూ చివరికి నవ్వారు కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. వాళ్లకు ఫోన్ పెట్టేలోపే అసలు సంగతి తెలిసేది. ఈ పిల్లకు ఇంకా తెలియదు.

సోమవారం నవీన్‌కుమార్‌ను వెనక కూర్చోబెట్టుకుని కంపెనీ దగ్గరికి వస్తుంటే దూరం నుంచే కనబడ్డారు. ప్రేమలత ఇస్త్రీ చుడీదారులో, ఫైలు గుండెలకు ఆనించుకుని. పక్కన వాళ్లమ్మ ముత్యమ్మ, చేతిలో స్వీటు డబ్బాతో. డ్రైవరు సీట్లో ఉన్న జంగయ్యను చూసి పిల్ల ముందు నవ్వింది. తర్వాత వెనక కూర్చున్న మనిషిని చూసింది. మళ్లీ స్టీరింగును చూసింది.

జంగయ్య గేటు బయటే కారు ఆపాడు. ఏమైందని నవీన్‌కుమార్ అడిగాడు. జంగయ్య అద్దంలో చూస్తూనే శుక్రవారం సంగతంతా చెప్పాడు. మేనేజర్ కిటికీ అద్దం దించి, ఇప్పుడు ఖాళీలు లేవమ్మా, బయోడేటా సెక్యూరిటీ దగ్గర ఇచ్చిపో అని ఆమెతో అన్నాడు. నీతో సాయంత్రం మాట్లాడతా అని జంగయ్యతో అన్నాడు. మేనేజర్‌ను లోపల దింపి, కారు పెట్టేసి, తాళం సెక్యూరిటీకిచ్చి, జంగయ్య నడుచుకుంటూ గేటు బయటికొచ్చాడు.

"నేను సార్ను గాదు బిడ్డా. డ్రైవర్ను. ఆ దినం నవ్విద్దామని అన్న."

ప్రేమలత ఏడవలేదు. తిట్టనూ లేదు. ఫైలు కొస గోటితో గీకుతూ నిలబడింది.

"నేను జెప్పింది మంచిగుండెనా?" అంది. "అదన్న నిజం జెప్పుండ్రి."

బాగుందమ్మా అనడం జంగయ్యకు ఎంత సులువు. అంతకంటే పెద్ద అబద్ధాలు రోజూ ఆడేవాడు. కానీ అప్పుడు తను ఏం చేశాడో గుర్తొచ్చింది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ హాలును మళ్లీ ఎట్లా నవ్వించాలా అని వెతుక్కుంటూ కూర్చున్నాడు. ఒక్క ముక్క చెవిన పడలేదు.

"నేను ఇనలే బిడ్డా" అన్నాడు.

ఆమె తల ఊపింది. అమ్మ వైపు తిరిగి, గోదాంకు పోదాం పా, మళ్ల అడుగుదాం అంది. ఆ చోటు నిండిపోయిందన్న మాట కూడా జంగయ్యే చెప్పాల్సి వచ్చింది. నవ్వించడానికి అలవాటుపడ్డ నోరు, ఆ ఒక్క మాట చెప్పడానికి రెండుసార్లు తడబడింది. నేను గూడ వస్త, నర్సింగ్‌తోటి నేను మాట్లాడుత అన్నాడు. ఆమె రమ్మనలేదు, వద్దనలేదు.

ఆటో వచ్చింది. తల్లీకూతుళ్లు వెనక ఎక్కారు. జంగయ్య ముందు, డ్రైవరు పక్కన, ఒక తొడ మీద కూర్చున్నాడు. జేబులో ఫోన్ మోగింది. తీసి చూస్తే నవీన్‌కుమార్. మోగి మోగి ఆగిపోయేదాకా చేతిలో పట్టుకున్నాడు. ప్రేమలత రోడ్డువైపు చూస్తోంది.

ముత్యమ్మ వెనకనుంచి జంగయ్య భుజం తట్టింది.

"సారూ, గోదాంల వాళ్లకు జెర సమజయ్యేటట్టు జెప్పుండ్రి. మీరు బాగ మాట్లాడుతరని పిల్ల ఇంటికొచ్చి ఒకటే చెప్పవట్టె."