లెన్ గారిటీ చివరి మాట

ఆడమనిషి గొర్రెల షెడ్డు మెట్లెక్కితే మాలో ఎవడో ఒకడు "చెరువులో బాతులు" అని కేకేస్తాడు. వెంటనే తిట్లన్నీ ఆగిపోతాయి. డార్లింగ్ నది పొడుగునా ఉన్ని కత్తిరించే వాళ్లందరిదీ ఇదే మర్యాద. యజమాని మా నడుములు విరగ్గొడుతుంటే ఏ మర్యాదా గుర్తురాదు ఎవరికీ.

ఆ రోజు టీ వేళకి వచ్చింది తెల్మా గారిటీ. సిడ్నీలో నవలలు రాస్తుంది. అంతకు ముందు వారం ఈ షెడ్డులోనే గుండె ఆగి చచ్చిపోయిన లెన్‌కి అక్క. మొదటి నవలలో తమ్ముణ్ణే పెట్టింది: తాగి, గొర్రెని పెళ్లి చేసుకోమని అడిగే వెర్రివాడు. ఆ పేజీలు పైకి చదువుకుని మేమంతా పడీ పడీ నవ్వాం. లెన్ కూడా నవ్వాడు. మళ్లీ అక్కతో మాట్లాడలేదు.

"చివర్లో ఏమన్నాడు?" అని అడిగింది.

"ప్రార్థన చేశాడమ్మా," అన్నాడు కుర్ర రెగ్.

"మా లెన్ ప్రార్థన చేశాడా? ఈ గొంతెవరిదా అని దేవుడు కంగారుపడి ఉంటాడు."

"మీ పేరు కూడా తలుచుకున్నాడు. ప్రేమగా."

"అబద్ధాలు చెప్పి బతికేది నేను, రెగ్. నా పొట్ట కొట్టకు. నన్ను క్షమించాడా, లేదా? అదొక్కటి చెప్పండి చాలు."

ఆడదాని ముందు తిట్టకూడదు సరే, నిజం కూడా చెప్పకూడదా? నాకు ఒళ్లు మండింది.

"చెప్పవయ్యా క్లారీ. ఆవిడేం పింగాణీ కప్పు కాదు," అన్నాను.

లెన్ పోయింది ముసలి క్లారీ ఒళ్లోనే. క్లారీ చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"అక్కకి కబురు పెట్టనా అని అడిగానమ్మాయ్. 'వద్దు, రాసేస్తుంది' అన్నాడు."

"అంతేనా?"

"అంతే."

ఆమె ఉన్ని మూట మీద కూలబడింది. "నేనైతే ఆ రెండు ముక్కలకి ఓ అధ్యాయం తగలేసేదాన్ని," అంది. "మా ఇంట్లో రాయడం వచ్చింది వాడికే."

రెగ్ నవ్వాడు. నవ్వాలేమో అనుకున్నాడు పాపం. ఆమె మొహం చూసి ఆపేశాడు.

పని గంట మోగింది. మాకు కూలి గొర్రెల లెక్కన. నిలబడితే చిల్లిగవ్వ రాదు. అయినా ఒక్కడూ మిషను ముట్టుకోలేదు. మేనేజరు వచ్చి అరిచాడు. కావాలంటే నువ్వే కత్తిరించుకోమన్నాను.

"కబురు పెట్టాల్సింది, క్లారీ," అంటూనే ఉంది ఆమె. "రాసేదాన్ని కాదు. ఒట్టు, రాసేదాన్ని కాదు."

మేమెవ్వరం నమ్మలేదు. ఆమె కూడా నమ్మలేదు.