వెనక ఎక్కేవాళ్ళు

పొద్దున్న మిల్లు కూత మొదటిసారి వినపడేసరికే ఆ ఇంటి కోడళ్ళిద్దరూ వాకిట్లో చెరో గుడ్డముక్క పట్టుకుని సైకిళ్ళు తుడుస్తూ ఉండేవాళ్ళు. పెద్దకోడలిది ఎర్రది, చిన్నకోడలిది ఆకుపచ్చది. రాత్రంతా తలుపులేసిన వసారాలో ఉన్న సైకిళ్ళకి దుమ్మెక్కడినుంచి వస్తుంది? అయినా తుడవాల్సిందే. పెద్దామె ఒక్కో చువ్వా తుడిస్తే చిన్నామె రిమ్ము లోపలి అంచు కూడా తుడిచేది. పెద్దామె బెల్లు ఒకసారి మోగించి చూసుకుంటే చిన్నామె ఇంకోసారి ఎక్కువ మోగించేది. చూపు ఆనని అత్తగారు మంచం మీంచి ఆ చప్పుళ్ళన్నీ వింటూ, "నా మొహం ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా తుడిచారే మీరు?" అనేది.

"నువ్వు అంత మెరవవుగా అత్తయ్యా," అనేది పెద్దకోడలు.

పెద్దామెకి భర్త పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. చిన్నామె మొగుడు లారీ నడుపుతాడు, ఇంటికి చుట్టంలా వచ్చిపోతుంటాడు. ఆడవాళ్ళిద్దరూ నది అవతల రంగుల మిల్లులో పనిచేస్తారు. చిన్నకోడలు రంగు తొట్ల దగ్గర. మణికట్టు దాకా ఆమె చేతులు నీలంగా ఉంటాయి, ఎంత రుద్దినా పోవు. పెద్దకోడలు మడతల గదిలో. చిన్నామె పనిలో చేరిన కొత్తలో వేడి రంగు చిమ్మి చేతులు కాలితే, కట్లు విప్పేదాకా పెద్దామే అన్నం కలిపి నోట్లో పెట్టింది. ముద్దకో తిట్టు తిడుతూ పెట్టింది. "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావే, తొట్టి అంత తొట్టి కనపళ్ళేదా?" అంటూ. సైకిల్ తొక్కడం నేర్పిందీ ఆమే. సీటు వెనక పట్టుకుని పరిగెత్తి పరిగెత్తి, ఆయాసంలో కూడా తిట్టడం ఆపలేదు.

వంతెన మొదట్లో మిల్లు ఆడవాళ్ళందరూ కలిసేవాళ్ళు. ఆ యేడు చాలామంది ఒకే షాపులో కొత్త సైకిళ్ళు కొన్నారు. ఇక ఎవరి కాళ్ళూ నేల మీద ఆగలేదు. ఒకామె తన సైకిల్ సీటు మెత్తదనం చెబితే ఇంకొకామె తన బ్రేకు పట్టు చెప్పేది. కానీ అసలు గొప్పలన్నీ వెనక ఎక్కినవాళ్ళ గురించి.

కొత్త సైకిల్ అన్నాక వెనక ఎవరో ఒకరు ఎక్కుతారు. అది ఆ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతే. కొన్న రెండుమూడు రోజుల్లో క్యారియర్ కిర్రుమంటుంది, వెనక టైరు కాస్త అణుగుతుంది, మెడ మీద ఊపిరి తగులుతుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. వాళ్ళు కొన్నాళ్ళు మనతో తిరిగి, దిగాల్సిన చోటు వచ్చినప్పుడు దిగిపోతారు. నూనె కొట్టు ముందు దిగినవాళ్ళున్నారు, బడి గోడ దగ్గర దిగినవాళ్ళున్నారు, ఏమీ లేని ఖాళీ రోడ్డు మీద దిగినవాళ్ళూ ఉన్నారు. ఆ దిగడంతో సైకిల్ పాతబడిపోయినట్టు లెక్క.

"మావాళ్ళు మహా బరువు," అని మడతల గదిలో పనిచేసే గలగల అనేది. ఆమె నోరు మూతపడదని అందరూ అలాగే పిలుస్తారు. "ఎత్తు ఎక్కేటప్పుడు ఒక్క తోపు తోస్తే వాళ్ళ సొమ్మేం పోయింది? పైగా అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టల వాసన ఒకటి."

ఇస్త్రీ అన్న మాట వినగానే అందరూ చూపులు తిప్పుకునేవాళ్ళు. తర్వాత ఎవరో సర్దేసి ఇంకేదో మాట్లాడేవాళ్ళు.

మిల్లులో ఇస్త్రీ చేసే ఒకాయన ఉండేవాడు. అంతకు ముందటి యేడు కొత్త సైకిల్ కొన్నాడు. ఎన్నాళ్ళు గడిచినా ఆయన వెనక ఎవరూ ఎక్కలేదు. ఖాళీ క్యారియర్‌కి అర్థం ఏమిటో ఎవరూ పైకి అనరు. ఆయన భయపడి సైకిల్ షాపువాడికి తిరిగి ఇచ్చేశాడు. తెల్లారి తలుపు తీస్తే అది గుమ్మం ముందే నిలబడి ఉంది, గొలుసుకి కొత్తగా నూనె పెట్టి మరీ. ఓ పొద్దున వంతెన ఎక్కాడు. అవతలి గట్టున దిగలేదు. వంతెన నడిమధ్యలో సైకిల్ స్టాండు వేసి, తాళం వేసి ఉంది. నదిలో వెతికారు. ఏమీ దొరకలేదు. ఇస్త్రీ గదిలో ఆయన స్థానంలో ఇంకొకాయన్ని పెట్టుకున్నారు.

చిన్నకోడలి వెనక ఎక్కినవాళ్ళు బహు తేలిక. పిండిన తడిబట్ట ఎంత బరువుంటుందో అంతే. నడుం దగ్గర బట్టని రెండే వేళ్ళతో, మొహమాటంగా పట్టుకునేవాళ్ళు. మొగుడు లేని ఇంట్లో చెప్పుకోలేని కబుర్లన్నీ ఆమె తొక్కుతూ వాళ్ళకి చెప్పేది. జవాబు రాదు. కానీ శ్రద్ధగా వింటున్నట్టు మెడ మీద ఊపిరి ఆగేది.

"మీవాళ్ళెలా ఉన్నారు?" అని గలగల ఓసారి పెద్దకోడల్ని అడిగింది.

"నా ప్రాణానికి దొరికారు. రాయిలా కూర్చుంటారు. తొక్కలేక చస్తున్నా," అంది పెద్దకోడలు, గొప్పగా. ఆమె తన క్యారియర్ మీద దళసరి దుప్పటి మడత వేసి కట్టింది. వెనక కూర్చున్నవాళ్ళకి ఒరుసుకోకూడదట. ఆ మర్యాదకి అందరూ ముచ్చటపడ్డారు. చిన్నామెకి కొంచెం కుళ్ళు కూడా పుట్టింది, ఆ ఆలోచన తనకెందుకు రాలేదా అని.

ఒకరోజు సాయంత్రం అత్తగారు చిన్నకోడల్ని దగ్గరికి పిలిచింది. "నీ సైకిల్ లోపలికొస్తుంటే ఇద్దరు మనుషులొచ్చిన చప్పుడొస్తుంది. పెద్దదాని సైకిల్‌కి అలా రావట్లేదే. ఒక మనిషీ, ఏదో సామానూ వచ్చినట్టుంది."

"నీ చెవులకేమైంది అత్తయ్యా," అంది చిన్నామె.

"నా చెవులకేం కాలేదు," అంది అత్తగారు. అని గోడవైపు తిరిగి పడుకుంది.

మిల్లుకి సెలవైన రోజు మధ్యాహ్నం. బయట వాన. పెద్దామె పెరట్లో రేకుల కింద గిన్నెలు తోముతోంది. చిన్నామె వసారాలోకి వెళ్ళి ఎర్ర సైకిల్ వెనక దుప్పటి మడత మీద చెయ్యి వేసింది. మనిషి కూర్చుంటే ఉండే వెచ్చదనం లేదు. ముడి విప్పింది. దుప్పటి లోపల ఒక సంచి, సంచి నిండా నదిలో ఏరిన రాళ్ళు. కదలకుండా, చప్పుడు చెయ్యకుండా చుట్టూ గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి.

"కట్టెయ్," అని వెనకనుంచి వినబడింది. పెద్దామె గుమ్మంలో నిలబడి ఉంది. చేతులనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఎప్పటినుంచి అక్కా?"

"మొదటినుంచీ."

"ఇంతమంది మధ్య రోజూ అంత నవ్వుతూ... నాకైనా చెప్పొద్దూ?"

"చెబితే నువ్వేం చేస్తావే? కూర్చుని ఏడుస్తావు. ఇంట్లో ఇద్దరం ఏడిస్తే అత్తయ్యకి అన్నం ఎవరు పెడతారు?"

"సైకిల్ మానెయ్. నడిచి వెళ్దాం. నేను కూడా నడుస్తా."

"ఎలా వెళ్ళినా అదే వంతెన." పెద్దామె వచ్చి సంచి మళ్ళీ కట్టింది. ముడి బిగించి, ఎర్ర మడ్‌గార్డు మీద పడ్డ నీటిచుక్కని వేలితో తుడిచింది. "అయినా ఎందుకు మానాలి? పుట్టి బుద్ధెరిగాక నాదంటూ కొనుక్కున్నది ఇదొక్కటే. ఎంత బావుందో చూడు. తొక్కినన్నాళ్ళు తొక్కుతా. నువ్వు మటుకు ఎవరితోనైనా నోరు జారావో, చంపేస్తా."

అని గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయింది.

చిన్నామె అక్కడే కూర్చుండిపోయింది. వాన చప్పుడులో పక్కన ఆకుపచ్చ సైకిల్ క్యారియర్ మెల్లిగా కిర్రుమంది. ఎవరో కూర్చున్నచోటే సర్దుకున్నట్టు. అంతసేపూ ఆ మూడో మనిషి తమ మాటలు వింటూనే ఉన్నారని ఆమెకి అప్పుడు తట్టింది. లేచి వెళ్ళి క్యారియర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఇన్నాళ్ళూ నిన్ను ఏమీ అడగలేదు," అంది గొంతు తగ్గించి. "ఎవరని అడగలేదు, ఎక్కడ దిగుతావని అడగలేదు. మా అక్క సైకిల్ కూడా కొత్తదే. కాస్త అటు జరుగు."

ఏమీ కాలేదు. వాన ఒక్కసారిగా పెద్దదై మళ్ళీ తగ్గింది. అప్పుడు ఆకుపచ్చ సైకిల్ వెనక టైరు నిండుగా గుండ్రమైంది. ఎర్ర సైకిల్ స్టాండు నేలమీద కొద్దిగా జారి నిలదొక్కుకుంది. నేలమీద ఒక సైకిల్ నుంచి ఇంకో సైకిల్ దాకా తడి పాదాల గుర్తులు పడ్డాయి. చిన్నవి, వేళ్ళు దగ్గరదగ్గరగా ఉన్నవి. అవి ఆరిపోయేదాకా ఆమె చూస్తూనే ఉంది. తర్వాత సంచిలో రాళ్ళు తీసి పెరటి గోడ అవతల పారబోసి, గుడ్డపేలికలు మళ్ళీ కుక్కి ముడి వేసింది.

మర్నాడు పొద్దున పొగమంచు. పెద్దకోడలు సైకిల్ ఎక్కి నాలుగు తొక్కులు తొక్కగానే ఆపేసింది. వెనక్కి చెయ్యి పెట్టి దుప్పటి తడిమింది. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. మొహంలోకి ఒక్కసారిగా నెత్తురొచ్చింది.

"ఏమే," అంది. "ఏమే పిల్లా, వచ్చారే! నా నడుం పట్టుకున్నారే!"

"నిజంగానా అక్కా?"

"ఎంత తేలికో! నీ దానికంటే తేలిక!"

ఇక ఆమెని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. వంతెన దగ్గర గలగలకి, రాళ్ళ సంగతి మింగేసి, తనవాళ్ళు ఉన్నట్టుండి ఎంత తేలికైపోయారో చెప్పింది. బెల్లు ఊరికే మోగించింది. అందరికంటే ముందు వంతెన ఎక్కింది. చిన్నకోడలు కావాలనే వెనకబడింది.

మొదట ఆమెకి హాయిగానే ఉంది. సైకిల్ ఇంత తేలిగ్గా ఎప్పుడూ పోలేదు. పెడల్ మీద కాలు మోపితే చాలు. కొంతదూరం పోయాక మోపాల్సిన పని కూడా లేకపోయింది. అదే పోతోంది. ముందు వెళ్తున్నవాళ్ళ మాటలు సన్నబడ్డాయి, ఆగిపోయాయి. కింద నది చప్పుడు ఆగిపోయింది. చక్రం తిరుగుతోంది కానీ గొలుసు చప్పుడు లేదు. రోజూ ఈపాటికి కనిపించే మిల్లు గొట్టం మంచులో ఎక్కడా లేదు. వంతెన కమ్ములు మటుకు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి, అంతులేకుండా. బ్రేకు నొక్కింది. పట్టలేదు. భయం వెయ్యలేదు, అదే ఆశ్చర్యం. తన చేతుల వంక చూసుకుంది. ఎన్నేళ్ళు రుద్దినా పోని నీలం పోయి, అవి తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి.

అటువైపు పెద్దకోడలు వంతెన దిగే చోట ఆగి, తన గొప్ప ఇంకోసారి చెప్పుకుందామని వెనక్కి చూసింది. మంచులోంచి తోడికోడలు వస్తోంది, కానీ దగ్గరికి రావట్లేదు. ఆకుపచ్చ సైకిల్ వెనక టైరు నేలకి ఆనీఆననట్టు, నిండుగా, గుండ్రంగా ఉంది. ఇన్నాళ్ళూ కుళ్ళుకుంటూ రోజూ చూసిన టైరు అది. అది ఎంత అణిగి ఉండాలో ఆమెకి తెలిసినట్టు ఎవరికీ తెలీదు.

"ఒసేయ్ పిచ్చిదానా!"

ఎర్ర సైకిల్‌కి స్టాండు వెయ్యలేదు, గోడకి ఆనించలేదు, చేతులు వదిలేసింది. అది పడిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. ఆమె పరిగెత్తింది. పరిగెత్తుతూ తిట్టింది. వంతెన మీద ఆ తిట్లు ఒక్కటే చప్పుడు. చిన్నకోడలికి ముందు ఆ తిట్లే వినబడ్డాయి, ఎక్కడో గోడ అవతల నుంచి వచ్చినట్టు. తర్వాత ఎవరో సీటు వెనక పట్టుకున్నారు. సైకిల్ ఊగింది. దబ్బుమని ఒక పూర్తి మనిషి బరువు క్యారియర్ మీద పడింది. టైరు అణిగింది. హ్యాండిల్ అటూ ఇటూ మెలికలు తిరిగి, ఎలాగో నిలబడింది.

"తొక్కు," అంది పెద్దామె, ఆయాసపడుతూ, రెండు చేతులతో ఆమె నడుం చుట్టేసి. "ఆగకు. తొక్కు."

చిన్నామె తొక్కింది. ఒక్కో తొక్కుకీ తొడలు పీకాయి. గొలుసు కరకరమంది. నది చప్పుడు తిరిగొచ్చింది. ఎదురుగా మిల్లు గొట్టం లేచి నిలబడింది. గట్టు మీదికి రాగానే ఇద్దరూ సైకిల్‌తో సహా పక్కకి ఒరిగి కూలబడ్డారు.

"ఇమ్మని నిన్నడిగానా? నోరు తెరిచి అడిగానా?" పెద్దామె ఆమె వీపు మీద ఒక్కటి వేసి, అదే చేత్తో దగ్గరికి లాక్కుంది.

చిన్నామె తన చేతుల్లోకి నీలం మెల్లమెల్లగా తిరిగొస్తుంటే చూస్తూ ఏడ్చింది.

పెద్దామె సైకిల్ వదిలిన చోటికి వెళ్ళి చూస్తే అది లేదు. ముందు వెళ్ళినవాళ్ళు, "ఇప్పుడే మమ్మల్ని దాటుకుని పోయిందిగా, నువ్వే అనుకున్నాం," అన్నారు. అంతకుమించి ఎవరూ ఏమీ అడగలేదు. మిల్లు రెండో కూత వినబడితే అందరూ లోపలికి పోయారు.

పెద్దకోడలు మళ్ళీ సైకిల్ కొనలేదు. ఇద్దరూ ఒక్కదాని మీదే వెళ్ళొచ్చారు, వంతులు వేసుకుని, ఎవరి వంతో పోట్లాడుకుని. జుట్టు నెరిసేదాకా అలాగే వెళ్ళారు. ఆకుపచ్చ రంగు పెచ్చులు లేచిపోయింది, సీటు చిరిగితే గుడ్డ చుట్టారు. మంచు కురిసే పొద్దుల్లో ఎప్పుడైనా వంతెన మీద వెనకనుంచి బెల్లు మోగేది. చిన్నామె పక్కకి తప్పుకునేది. ఎర్ర సైకిల్ ఒకటి, తొక్కేవాళ్ళు లేకుండా, వెనక టైరు కొద్దిగా అణిగి, వాళ్ళని దాటుకుని ముందుకెళ్ళిపోయేది.

అది మంచులో కలిసేదాకా పెద్దామె మెడ సాచి చూసేది.

"చువ్వ కూడా తుప్పు పట్టలేదు, చూశావా?" అనేది. "అది నాదేనే."