పెన్నేరుగడ్డ నా సవతి

నేను ఒక ఇత్తడి బరిణెను. బొటనవేలంత ఎత్తు, బిగుతైన మూత. కంచరి నన్ను సున్నం పెట్టుకోవడానికి చేశాడు. లారీ డ్రైవరు ఎల్లమంద నాలో నల్లమందు పెట్టాడు. నాగపూరు దారిలో నడుంనొప్పికని శనగగింజంతతో మొదలుపెట్టాడు. పదకొండేళ్లు ఆయన చొక్కా జేబులో, గుండెకు ఆనుకుని తిరిగాను. పొద్దున లేస్తే భార్య తిరపతమ్మ ముఖం చూసేవాడు కాదు, నన్ను తడుముకునేవాడు. గర్వపడ్డానంటే తప్పేముంది?

ఒకనాడు కునికి, లారీని కాలవలో దించాడు. ప్రాణం దక్కింది. ఇక మానేస్తానని ఒట్టేశాడు. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది. ఆ తెల్లబిళ్లలను నేను లెక్క చేయలేదు. నా కడుపు మండింది పెన్నేరుగడ్డను, అదే అశ్వగంధను చూసి. ఉత్త వేరుముక్క, గుర్రం వాసన! నల్లమందు యావ పోతుందని దాన్ని తిరపతమ్మ కడిగి, ఆరబెట్టి, దంచి, పాలలో కాచి, ఊది ఊది తాగించేది. నన్నెవరైనా అంత ముద్దు చేశారా?

అక్కడే ఆమె పొరపాటు చేసింది. వేరుమందుకు పథ్యమని, రెండు మందులు కడుపులో కలవకూడదని, ఆయనకిక మాత్రలివ్వడం మానేసింది. మూడోనాటికి ఎల్లమందకు ఒకటే ఆవులింతలు, ముక్కు కారడం, కాళ్లు పీకడం. మధ్యాహ్నం పాకుతూ వచ్చి, తాను దాచిన చోటు నుంచి నన్ను తీశాడు. నా అడుగున ఇంకా పెసరగింజంత ఉంది. పాలగ్లాసు ఓడిందని పొంగిపోయాను.

తిరపతమ్మ గుమ్మంలో నిలబడింది. లాక్కోలేదు.

"దాన్నే కట్టుకోకపోయావా? నన్నెందుకు కట్టుకున్నావయ్యా?"

"అది నీలా తిట్టదే," అన్నాడు, పళ్లు టకటకలాడుతుంటే.

"తిట్టదు. కాలవలో దించుద్ది."

ఆయనకు నవ్వొచ్చింది. వెంటనే వాంతి వచ్చింది. నన్ను ఆమె ఒళ్లో పడేసి, "డాక్టరమ్మ కాడికి పోదాం పదవే," అన్నాడు.

మాత్రలు మానిపించిన సంగతి విని డాక్టరమ్మ తల పట్టుకుంది.

"పెన్నేరు తప్పా అమ్మా?" అంది తిరపతమ్మ.

"ఎలుకల్లో కాస్త పనిచేసిందంటున్నారు. మనుషుల్లో ఇంకా తేలలేదు. ఏమిచ్చినా నాతో చెప్పి ఇవ్వు. మాత్రలు మాత్రం నేను చెప్పేదాకా ఆపొద్దు."

ఎలుకలట! నా సవతి గొప్పంతా ఎలుకల దగ్గరేనన్నమాట. అయినా నా మంట చల్లారలేదు.

తిరపతమ్మ ఆరోజే నన్ను అక్కడ అప్పగించేసింది. ఇప్పుడు నేను డాక్టరమ్మ అద్దాల బీరువాలో ఖాళీగా ఉన్నాను. ఎల్లమంద నెలనెలా మాత్రలకు వస్తాడు. ఒళ్లు చేశాడు. ఇటు ఒక్కసారైనా చూస్తాడేమోనని కాచుకుంటాను. చూడడు.

పక్కన కూర్చున్న తిరపతమ్మ మాత్రం నన్ను గుర్రుగా చూస్తుంది. ఆ ఇంట్లో నన్నింకా మరిచిపోనిది ఆవిడ ఒక్కతే.