పరస్థానం సంచి

వైదేహి టెక్కలి హైస్కూల్లో సోషల్ టీచరు. సాయంత్రం బస్సు దిగి కాశీబుగ్గలో ఇంటికి రాగానే టీ తాగి, పెరట్లో బకెట్టు ముందు మోకాళ్ల మీద కూర్చుని తల నీళ్లలో ముంచేది. ఇక ఆగలేనన్నప్పుడు పైకి లేచి, జుట్టంతా మొహానికి అతుక్కుపోయి, "ఈసారి చాలాసేపు ఉన్నానండీ" అని అరిచేది. ఆమె భర్త అనంత్ వరండాలో కుర్చీ వేసుకుని, ముక్కుకి బట్టల క్లిప్పు పెట్టుకుని, నోటితో గాలి పీలుస్తూ టీవీలో వార్తలు చూసేవాడు. ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు అన్న గౌరవం ఆ క్లిప్పుతో సగం పోయేది.

ఈ కసరత్తంతా అండమాన్లలో నీల్ దీవి కోసం. దసరా సెలవులకి అక్కడికి వెళ్లాలనీ, జనం తక్కువున్న తీరం చూసుకుని దిగాలనీ, ఒక్కసారైనా గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగుకి వెళ్లాలనీ ఇద్దరూ వేసవి నుంచి అనుకుంటున్నారు. పెద్ద దీవికి అందరూ వెళ్తారు కాబట్టి వీళ్లు చిన్నదాన్ని ఎంచుకున్నారు. ఏ గదిలోంచి చూస్తే నీళ్లు కనిపిస్తాయో, ఏ గదిలోంచి కనిపిస్తాయని అబద్ధం చెబుతారో కూడా అనంత్ ఫోన్లు చేసి తేల్చాడు.

వైదేహి పుట్టింది అక్కుపల్లి తీరం పక్కనే అయినా, సముద్రం ఆమెకి చీలమండల వరకే తెలుసు. వాళ్ల నాన్న గుడిలో అర్చకుడు. ఏడాదికొకసారి మాఘ పౌర్ణమికి తీసుకెళ్లి, తన ఉత్తరీయం కొస కూతురి చేతికిచ్చి, అలలోకి ఇంక అడుగు వేయనిచ్చేవాడు కాదు. పెద్దయ్యాక ఆమె ఏటేటా బోర్డు మీద గులాబీ రంగు సుద్దముక్కతో పగడపు దిబ్బలు వేసి పిల్లలకు పాఠం చెప్పింది. తను చూడనిది చెబుతున్నానని ఆమెకి ఎప్పుడూ సిగ్గుగానే ఉండేది.

ఆ సిగ్గు తీర్చాలని అనంత్ పట్టుబట్టాడు. అతనికి మాత్రం లోపల వేరే భయం ఉంది. జలంత్రకోటలో వాళ్ల అన్న జగన్మోహనరావు మూత్రపిండాలు పాడై, డయాలిసిస్ మీద కొన్నాళ్లుండి పోయాడు. ఆ ఊళ్లో ప్రతి వీధికీ అలాంటి ఇల్లుంది. అందుకే ఈ ఉద్దానం ప్రాంతంలో చాలామంది రక్తపరీక్ష అంటే మొహం తిప్పుకుంటారు. చేయించుకోనంత కాలం రోగం లేనట్టే లెక్క. అనంత్ చదువుకున్నవాడే గానీ ఈ లెక్కలో ఊరివాడే. నడుం నొప్పికి మందుల షాపులో మాత్రలు కొనుక్కుని రోజూ వేసుకునేవాడు. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పుల అచ్చు పడితే, చెప్పులు బిగుతయ్యాయని కొత్తవి కొనేవాడు.

దీవిలో డైవింగ్ నేర్పే కుర్రాడు ఒకరోజు ఫోన్ చేసి, బీపీ, గుండె, కిడ్నీ జబ్బులేమైనా ఉన్నాయా అని హిందీలో అడిగాడు. అనంత్ "నహీ, కుఛ్ నహీ" అని వీధంతా వినేలా చెప్పాడు. వైదేహి వంటింట్లోంచి విని, అంత గట్టిగా ఎందుకన్నాడా అనుకుంది.

ప్రయాణం బుధవారం. ఆ రోజు అనంత్ నక్షత్రానికి బాగోలేదని మామగారు ఫోన్లో చెప్పారు. అంతకుముందు శుక్రవారం దివ్యంగా ఉంది. అలాంటప్పుడు చేసేది తెలిసిందే. మంచిరోజున మనకి బదులు మన సంచి బయల్దేరుతుంది. దాన్ని ఇంకొకరింట్లో పరస్థానం ఉంచి, తర్వాత వీలైన రోజున మనం వెళ్లి అక్కణ్ణించి తీసుకుపోతాం. ఒకసారి గడప దాటిన సంచిని మళ్లీ ఇంట్లోకి తేకూడదు.

ఆ వీధిలో పరస్థానాలన్నీ వరహాలమ్మ అరుగు మీదే. ఆమె వయసులో ఉండగా జీడిపప్పు బట్టీలో పని చేసింది, ఇప్పుడు అరుగు మీద కూర్చోవడమే పని. ఆ అరుగు మీద పెట్టిన సంచి చీకటి పడ్డాక తన దారిన తను మనం వెళ్లబోయే ఊరు వెళ్లి, పాలవాడు వచ్చే వేళకి తిరిగొస్తుంది. అదే వీధి బైరాగి దుబాయి వెళ్లేముందు అతని పెట్టెలో ఒంటె వెంట్రుకలు దొరికాయి. తిరుపతి సంచులైతే లడ్డూ వాసనతో వస్తాయి, చీమలు పట్టకుండా చూసుకోవాలంతే.

శుక్రవారం పొద్దున్న ఇద్దరి ఈత దుస్తులూ, వైదేహి చుడీదార్లూ, అనంత్ తెల్లచొక్కాలూ సర్దిన నీలం సంచిని అరుగు మీద పెట్టారు.

"ఏ ఊరెలతన్నారేటి టీచరమ్మా?" అంది వరహాలమ్మ.

"అండమాన్ దీవులకి."

"అయితే రేతిరికి పెందలాడే బయలెల్లాల. దూరం గదా" అని సంచిని అరుగు చివరికి జరిపింది.

మర్నాడు సంచి నిండా ఇసుక. ఉద్దానం ఇసుక కాదది, పిండిలా తెల్లగా ఉంది. వైదేహి అరుగు మీదే సంచి విప్పి, చిన్నపిల్లలా గుప్పిళ్లతో తీసి చూపించింది. అనంత్ కూడా నవ్వాడు. ఆ రోజంతా ఇద్దరూ ఎంతో సంతోషంగా ఉన్నారు.

ఆ మర్నాడు ఆమె ఈత దుస్తులు తడిసి వచ్చాయి. అతనివి పొడిగా, పెట్టిన మడత పెట్టినట్టే ఉన్నాయి.

"నాకు జలుబు చేసి ఉంటుందిలే" అన్నాడు అనంత్.

"చేసి ఉంటుంది" అంది వైదేహి. కానీ అతని దుస్తుల మడత విప్పి మళ్లీ ఒకసారి తడిమి చూసింది.

సోమవారం పొద్దున్న రెండు జతలూ పొడిగానే ఉన్నాయి. జిప్పు తీయగానే స్పిరిట్ వాసన వచ్చింది. అడుగున ఉన్న తెల్లచొక్కా బయటికి తీస్తే, ఎడమచేతి మోచేయి మడత దగ్గర రూపాయి బిళ్లంత నెత్తుటి మరక, చుట్టూ ప్లాస్టరు అంటించిన జిగురు గుర్తు. జలంత్రకోటలో తోటికోడలు వారానికి రెండుసార్లు ఇలాంటి చొక్కాలే ఉతికేది. ఆమె ఉతుకుతుంటే తను పక్కన నిలబడి నీళ్లు పోసింది.

"ఏటండీ ఇది?"

అనంత్ చొక్కా వంక చూడలేదు. "ఏటుంది? చిన్న దెబ్బేదో తగిలుంటుంది."

"ఇవాళే పలాస వెళ్లి రక్తం ఇచ్చొద్దాం. గంట పని."

"వచ్చాక ఇస్తాను."

"ఇప్పుడెందుకు కాదు?"

"ఇప్పుడిస్తే ఏదో ఒకటి ఉందంటారు. ముందు ఈ దీవి పోద్ది. తర్వాత ఒక్కోటీ పోతాయి. అన్నయ్యకి చూశాం కదా." "నీకు ఒక్కసారి ఆ పగడాలు చూపించనీ, వైదేహీ. తర్వాత నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను."

ఆమెకి కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ఆ రెంటిలో కోపమే ముందు బయటికొచ్చింది. "సరే. రేపు సంచి ఎలా వస్తే అలా. బాగుంటే వెళ్దాం. లేదంటే నేను విమానం ఎక్కను, మిమ్మల్నీ ఎక్కనివ్వను."

వరహాలమ్మ అరుగు మీద వక్కలు కత్తిరిస్తూ అంతా విన్నది. ఎవరి సంచి గురించీ ఆమె ఎప్పుడూ ఏమీ చెప్పదు.

మంగళవారం వైదేహి వెళ్లేసరికి సంచి జిప్పు తీసే ఉంది. లోపల ఇద్దరి ఈత దుస్తులూ తడిసి ముద్దయి ఉన్నాయి. తెల్లచొక్కా మీద మరక లేదు. ఒక్క క్షణం ఆమెకి ఎగిరి గంతేయాలనిపించింది. బట్టలు గుండెలకి హత్తుకుంది. నీళ్లు మెడ మీదికి కారాయి, ఒక చుక్క పెదవి మీద పడింది.

మాఘ పౌర్ణమి స్నానాల్లో మింగిన నీళ్లు ఆమె నాలుక మరిచిపోలేదు. సముద్రం చివర్లో చేదుగా ఉంటుంది. ఇది పప్పుచారులా ఉంది. చొక్కా మడతలో చిటికెడు పసుపు కూడా అంటుకుని ఉంది. ఇసుక రేణువు ఒక్కటి లేదు.

ఆమె తలెత్తింది. అనంత్ తమ ఇంటి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. లుంగీ మోకాళ్ల దాకా తడిసింది.

"వరహాలమ్మా, పొద్దున్న ఇక్కడికెవరైనా వచ్చారా?"

"నన్నడక్కమ్మా" అంది ముసలామె. కానీ ఆమె చూపు అరుగు పక్కనున్న కుళాయి వైపు పోయింది. కుళాయి కింద వైదేహి వంటింటి ఉప్పు డబ్బా ఉంది. అనంత్ కంగారులో వదిలేసిపోయాడు.

వైదేహి కేకలు వేయలేదు. వీధి దాటి వచ్చి అతని ముందు నిలబడింది.

"సంచి నిజంగా ఎలా వచ్చింది?"

"ఇవాళ మరక చెయ్యంతా ఉంది" అన్నాడు అనంత్. "చల్లనీళ్లకే పోయింది. నువ్వు చూడకపోతే లేనట్టే అనుకున్నాను."

"నన్ను మోసం చేద్దామనుకున్నారా?"

"నాకు భయమేసింది, వైదేహీ." అంతమాట అన్నాక అతను గేటు పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. వాచిన పాదాలు రెండూ ఎండలో కనిపిస్తున్నాయి. ఇన్నాళ్లూ వాటిని తను ఎలా చూడలేదో ఆమెకి అర్థం కాలేదు. ఆమె పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. పాలవాడు చూసినా వదల్లేదు.

"పలాస వద్దు. విశాఖలోనే చూపిద్దాం" అంది. "పొద్దుటి బండి ఉంది. సంచి ఎలాగూ బయటే ఉంది, ముహూర్తం దానికైపోయింది."

తడి బట్టలతోనే సంచి తీసుకుని స్టేషనుకి వెళ్లారు. వరహాలమ్మ వీధి చివరి దాకా వచ్చింది. అంతకుముందు ఎవరి కోసమూ అలా రాలేదు.

రైలు ఆగిన ప్రతి స్టేషన్లోనూ అనంత్ దిగిపోతాడేమోనని వైదేహి తలుపు వైపు సీట్లో కూర్చుంది. నౌపడ దగ్గర అతను లేచాడు. ఆమె కూడా లేచింది. మంచినీళ్లు తాగి కూర్చున్నాడు.

విశాఖ ఆసుపత్రిలో రక్తం తీసుకున్నారు, స్కానింగ్ చేశారు. రిపోర్టులు మర్నాడిస్తామన్నారు. బుధవారం మధ్యాహ్నం, వాళ్ల విమానం ఎగిరిపోయాక, డాక్టర్ ప్రమోదిని లోపలికి పిలిచింది. ఆమె కాశీబుగ్గలో పుట్టిన మనిషే. వీళ్ల యాస వినగానే కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"జబ్బు మొదలైంది. కానీ ఇది మొదలే" అంది. "ఆ నొప్పి మాత్రలు ఇక ఒక్కటి కూడా వేసుకోకూడదు. బీపీకి మందిస్తాను, ఉప్పు తగ్గించండి, నెలనెలా వచ్చి చూపించండి. జాగ్రత్తగా ఉంటే డయాలిసిస్ మాటే లేకుండా చాలా ఏళ్లు గడపొచ్చు. ఇంకొన్నాళ్లు ఆ మాత్రలు మింగి ఉంటే ఈ మాట చెప్పలేకపోయేదాన్ని."

వైదేహికి అప్పుడు ఏడుపొచ్చింది. డాక్టరు ఆపమనలేదు.

"మరి దీవి?" అన్నాడు అనంత్.

"తీరాన కూర్చోండి, ఎవరొద్దన్నారు? మీరు మాత్రం నీళ్ల అడుక్కి దిగొద్దు. ఆవిణ్ణి దిగనీండి, మీరు ఒడ్డున కూర్చుని ఎదురుచూడండి. కానీ ముందు మూడు నెలలు నా దగ్గరికి రావాలి." డాక్టరు రిపోర్టు మళ్లీ ఒకసారి చూసింది. "అయినా మన ఉద్దానం మనుషులు ఈ దశలో రారే. అందరూ ఆఖర్న మోసుకొస్తారు. మిమ్మల్నెవరు పంపించారు?"

"సంచి" అన్నాడు అనంత్.

"వరహాలమ్మ అరుగా?"

"అవునండి."

డాక్టరు కలం బల్ల మీద పెట్టింది. "మా నాన్నదీ అక్కడే పెట్టాం. పూరీ ప్రయాణానికి. చొక్కా చెయ్యి మీద మరకతో వచ్చింది. అమ్మ ఉతికి ఆరేసి మళ్లీ సర్దేసింది. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఉతికితే పోయిందని నేనూ సంతోషించాను. నాన్నని మేమూ ఆఖర్న మోసుకొచ్చాం. మీ ఇంట్లో ఎవరూ ఉతకలేదా?"

"నేనే ఉతికానండి" అన్నాడు అనంత్. "మా ఆవిడ నమ్మలేదు."