రెండో అచ్చు

దివాలా పిటిషను మీద ఉదయం పదింటికి సంతకం పెట్టాను. పన్నెండింటికి ప్లీడరు దాన్ని కోర్టులో వేస్తాడు. మనసు మారితే ఆలోగా ఫోన్ చెయ్యమన్నాడు. పదకొండున్నరకి అక్క పళ్ళసెట్టు కొలతలకి నా వర్క్‌షాపుకి వచ్చింది. ఈ పూటే రమ్మని నేనే పిలిచాను. ఎందుకు పిలిచానో అప్పటికి నాకు తెలియదనుకున్నాను.

పింగాణీ పళ్ళు కాల్చే కొలిమి కొనడానికి బ్యాంకులో అప్పు చేశాను. అది బిగించిన ఏడాదిలోనే ఆర్డర్లన్నీ పెద్ద ల్యాబులకి వెళ్ళిపోయాయి. ప్లీడరు మూడు దారులు చూపించాడు. వాయిదాలు చిన్నవి చేయించుకుని పదేళ్ళు కట్టడం. కొలిమి అమ్మి, వచ్చింది బ్యాంకు చేతిలో పోసి, మిగతాది వదిలెయ్యమని బతిమాలడం. లేదా ఐపీ, అంటే దివాలా పిటిషను. ఐపీ పెడితే నా చేతి పనిముట్లు నాకు మిగులుతాయి, బాకీ నన్ను వదిలేస్తుంది. హామీ ఉన్న మనిషిని మాత్రం వదలదు. ఈ చివరి ముక్కని పెన్ను మూత తీస్తూ, వాన పడేలా ఉందన్నంత మామూలుగా చెప్పాడు.

హామీ సంతకం అక్కది. అందులో రాసిన రెండు గదుల ఇల్లూ ఆమెదే.

"పళ్ళూడింది నాకైతే మొహం నీకు వేలాడుతోందేంట్రా?" అంది కుర్చీలో కూర్చుంటూ.

పైవరసలో ముందు నాలుగు పళ్ళు మిగిలాయామెకి. కింద బోసి. అచ్చు పొడిని నీళ్ళతో కలిపి, ట్రేలో నింపి పైదవడకి అదిమి పట్టాను. గట్టిపడేదాకా మాట్లాడకూడదు. అప్పుడు చెప్పాను. కొలిమి సంగతి, మూడు దారులు, ఇంటి సంగతి కూడా. ఏది ఎంచుకోవాలో ఇంకా తేల్చుకోలేదన్నట్టు చెప్పాను. ఆమె గొంతులో ఏదో కదిలింది. కదలొద్దన్నాను.

ట్రే తీశాక ఆమె చాలాసేపు పుక్కిలించింది.

"నోరు మూయించి చెప్పావు," అంది. "ఆ రోజూ అంతే. బ్యాంకు మూసేస్తారక్కా అని, చదవనీకుండా సంతకం పెట్టించావు."

కోపం లేదు గొంతులో. అందుకే భయం వేసింది. ఐపీ మాట మర్చిపొమ్మంది. నెలనెలా కడదాం, తనూ ఒక చెయ్యి వేస్తానంది. అప్పుడు నా మీద నాకు కాస్త జాలి కలిగింది, సగం నిజం చెప్పినవాడికి కలిగే జాలి. ఆ సగంతోనే మంచివాణ్ణయిపోయినట్టు ఊపిరి తేలికైంది.

"కింది అచ్చు తియ్యవా?" అని నోరు తెరిచింది.

గోడ గడియారంలో పన్నెండుకి ఆరు నిమిషాలుంది. ఈసారి ఫ్రిజ్ లోంచి నీళ్ళు తీసి కలిపాను. చల్లటి నీళ్ళయితే అచ్చు ఆలస్యంగా గట్టిపడుతుంది. ట్రే పెట్టి, కుడిచేతి రెండు వేళ్ళతో అదిమాను.

"అక్కా, పొద్దున్నే సంతకం పెట్టేశాను. పన్నెండింటికి కోర్టులో వేస్తారు. ఫోన్ చేస్తే ఆగుతుంది."

ఆమె నన్నే చూసింది. తర్వాత కింది దవడ మెల్లగా పైకి లేచింది. పై నాలుగు పళ్ళూ నా వేళ్ళ మీద ఆనాయి, నొక్కాయి, ఇంకా నొక్కాయి. నేను వేళ్ళు తియ్యలేదు. తీస్తే అచ్చు పాడవుతుందని నాకు నేను చెప్పుకున్నాను.

ఫోను బల్ల మీదే ఉంది. ఎడమ చెయ్యి ఖాళీగానే ఉంది.

పన్నెండయింది. అచ్చు ఇంకా మెత్తగానే ఉంది.