పలకరింపులన్నీ జుట్టుకే

కొత్త ఊరికి బదిలీ అయి వచ్చినప్పుడు ఆమెకి ఎక్కడలేని ధైర్యమూ వచ్చింది. మేనత్త తప్ప ఎరిగినవాళ్ళు లేని చోట ఏం చేసినా అడిగేదెవరు? అలా అనుకునే, మొదటి నెలలోనే నల్లటి జుట్టుని బ్లీచ్ చేయించి బంగారు రంగులోకి మార్చుకుంది. ఆమె ఉంటున్నది మేనత్త ఇంట్లో. ఆవిడ తలుపు తీసి చూసి, “మొక్కజొన్న పొత్తు మీద పీచులా ఉందే! సర్లే, నీ తల నీ ఇష్టం. చేతులు కడుక్కుని అన్నానికి రా” అంది. దాంతో ఆ సంగతి అయిపోయింది.

ఆమె పని కళ్ళద్దాల షాపులో, అదీ వెనక గదిలో. అద్దాలను అరగదీసి ఫ్రేముకి సరిగ్గా కూర్చునేలా చేయాలి. మిషన్ రొదలో మాటలు వినపడవు, మాట్లాడాలని ఎవరూ అనుకోరు. కొనేవాళ్ళంతా ముందు గదిలోనే ఉంటారు. షాపువాళ్ళు కూడా ‘అద్దాలమ్మాయి’ అంటారే గాని పేరుపెట్టి పిలవరు. పొద్దున్నే తల వంచుకుని లోపలికి వెళ్ళి, సాయంత్రం తల వంచుకునే బయటికి వచ్చేది. ఏడాది గడిచినా ఆ ఊళ్ళో ఆమెకి తెలిసిన మొహాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు.

అలాంటిది, ఎప్పుడు మొదలైందో ఏమో, వీధిలో జనం పలకరించడం మొదలుపెట్టారు.

ఒకావిడ అవతలి పేవ్‌మెంట్ మీంచి చెయ్యి ఊపుతూ, “మేడమ్, మీరన్నట్టే నోటితో పీల్చి ముక్కుతో వదిలాను. ఎంత తేడా ఉందో!” అని అరిచింది. చేతికర్ర పట్టుకున్న పెద్దాయన ఆగి, “మోకాళ్ళు ఇప్పుడు కాస్త నా మాట వింటున్నాయమ్మా, అంతా మీ చలవే” అన్నాడు. బస్‌స్టాపులో ఓ చిన్నపిల్ల తల్లి చెయ్యి విడిపించుకుని పరుగెత్తుకొచ్చి, “నిన్న నాకసలు భయమెయ్యలేదు తెలుసా!” అని చెప్పి, వచ్చినంత వేగంగా వెళ్ళిపోయింది.

వీళ్ళలో ఒక్కరూ తనకి తెలియదు. ఎవరి మోకాళ్ళు? ఎవరి భయం? నోరు తెరిచి ‘నేను కాదండీ’ అనేలోపు వాళ్ళు సందు తిరిగిపోయేవాళ్ళు. ఆమె చేసేది లేక నవ్వేది. నవ్వితే వాళ్ళు ఇంకా సంతోషపడేవాళ్ళు.

మేనత్త టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. సంగతి వినగానే తేల్చేసింది. “రాంగ్ నంబరే అది. రాంగ్ నంబరని చెప్పి పెట్టెయ్యాలి. నువ్వేమో లైన్లో కూర్చుని ఊకొడుతున్నావు.”

“చెప్పేలోపే పెట్టేస్తున్నారత్తా వాళ్ళే.”

“అబద్ధం చెప్పకు. నీకు బాగుంది.”

బాగుందో లేదో ఆమెకే తెలియడం లేదు మరి. పలకరించినప్పుడల్లా గుండెలో ఏదో వెచ్చగా కదిలేది. వెంటనే, ఎవరి ఇంటికో వచ్చిన పార్సిల్ విప్పి చూసినట్టు సిగ్గేసేది.

ఒకరోజు పొద్దున పనికి వెళ్తూ సిగ్నల్ దగ్గర రోడ్డు దాటబోతుంటే ఓ స్కూటరు పక్కకొచ్చి ఆగింది. నడుపుతున్నాయన హెల్మెట్ అద్దం పైకెత్తాడు. వెనక సీట్లో కూతురు, పదేళ్ళుంటాయేమో, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“టీచరుగారూ, మంచిపనైంది, కనపడ్డారు. మా అమ్మాయిని ఇవాళ సాయంత్రం లోతు వైపు దించమంటారా? తనేమో రెడీ అంటోంది. నాకే కాళ్ళూ చేతులూ ఆడట్లేదు.”

ఆమె ‘ఏమిటీ?’ అనేలోపు పచ్చలైటు పడింది. వెనక కార్లు హారన్లు మోగించాయి. ఆయన కంగారుగా ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఏదో ఒకటి అంటే గాని కదిలేలా లేడు. “సరే, సరే” అని తలూపింది. ఆయన మొహం వికసించింది. స్కూటరు వెళ్ళిపోయింది.

షాపులో మిషన్ ముందు కూర్చున్నాక ఆ మాట మెల్లగా లోపలికి దిగింది. లోతు వైపు. నోటితో పీల్చి ముక్కుతో వదలడం. మోకాళ్ళు. భయం. అద్దం అంచు మీద నీళ్ళు చిమ్ముతుంటే చూస్తూ, ఒక్కసారిగా ఆమె చేతులు ఆగిపోయాయి.

ఈత! వీళ్ళంతా తనని ఈత టీచరనుకుంటున్నారు!

చీలమండ దాటి నీళ్ళుంటే అడుగు వెయ్యని మనిషి తను. అలాంటిది, ఎవరి పిల్లనో లోతు నీళ్ళలోకి దించమని చెప్పింది. మిషన్ మీదున్న అద్దం ఒక పక్క ఎక్కువ అరిగి పనికిరాకుండా పోయింది. ఆమె ఏప్రన్ విప్పి, ఒంట్లో బాగోలేదని చెప్పి బయటపడింది.

మున్సిపల్ ఈతకొలను గేటు మధ్యాహ్నం మూసి ఉంది. లోపల వాచ్‌మన్ కుర్చీలో కునుకు తీస్తున్నాడు. ఆమె గేటు తట్టింది.

“ఏవండీ, ఈత టీచరుగారు ఉన్నారా?”

వాచ్‌మన్ కళ్ళు నులుముకుని ఆమెని పైనుంచి కిందికి చూశాడు. అతని మొహంలో నిద్ర పోయి దిగులొచ్చింది. “మేడమ్, ఎండ గాని తగిలిందా? కాసిని మంచినీళ్ళు తాగుతారా?”

“అది కాదు బాబూ, టీచరుగారు ఎక్కడున్నారో చెప్పు, చాలు.”

“సెలూన్‌కి వెళ్తున్నాను, సాయంత్రం బ్యాచి అసిస్టెంటు చూసుకుంటుందని పొద్దున మీరే చెప్పారు కదా మేడమ్!” అన్నాడతను దాదాపు ఏడుపు గొంతుతో. “ఆ మూలమీద సెలూన్. నేను తోడు రానా?”

తోడు అక్కర్లేదని చెప్పి ఆమె పరుగులాంటి నడకతో మూల తిరిగింది. సెలూన్‌లో కుర్చీలన్నీ ఖాళీ. సెలూన్ ఆవిడ, పొట్టిగా, నడుముకి రకరకాల దువ్వెనలు వేలాడేసుకుని, గిన్నెలో ఏదో కలుపుతోంది. ఆమెని చూడగానే, “టైముకే వచ్చారే! కూర్చోండి” అంది.

“నేను టీచరుగారి కోసం వచ్చాను.”

“అయితే అద్దంలో చూసుకోండి, కనపడతారు” అని నవ్వి, భుజాలు పట్టి కుర్చీలో కూర్చోబెట్టింది.

అద్దంలో బంగారు జుట్టు, దాని కింద ఎవరిదో అన్నట్టున్న బెదిరిన మొహం. సాయంత్రానికి ఇంకా టైముంది, ఎలాగూ ఆ టీచరు ఇక్కడికే రావాలి, రాగానే చెప్పేస్తే సరి అనుకుంది. ఈలోపు ఈ గోలకంతా కారణమైన జుట్టుని వదిలించుకుంటే పీడా పోతుంది.

“ముదురు రంగు వేసెయ్యండి. ఎంత త్వరగా అయితే అంత మంచిది.”

“త్వరగా చేస్తే జుట్టు నా చేతికొచ్చేస్తుంది” అంది సెలూన్ ఆవిడ, ఒక పాయని వేలికి చుట్టి లాగి చూస్తూ. “బ్లీచ్ చేసిన జుట్టు బీటలువారిన నేల లాంటిది. ఏది పోస్తే అది గటగటా తాగేస్తుంది. దీని మీద నేరుగా ముదురు గోధుమ వేశామనుకోండి, బూడిదలాగో పాచిలాగో తిరుగుతుంది. ముందు లోపల పోయిన ఎరుపుని మళ్ళీ నింపాలి. అందుకే ఇవాళ మొదట రాగి రంగు. ఆ తర్వాత అమ్మోనియా లేని డై, అదీ మీరు కోరుకున్నదానికంటే ఒక ఛాయ తక్కువే. అదే ముదురుతుంది.” అంతలో ఏదో అనుమానం వచ్చినట్టు జుట్టు కొసలు వెలుతురుకి పట్టి చూసింది. “మొన్న క్లోరిన్‌కి కొసలన్నీ పచ్చగా ఉన్నాయి కదా. పచ్చదనం ఏమైంది?”

“నాకు తెలీదండీ.”

“ఈదేటప్పుడు టోపీ పెట్టుకుంటున్నారన్నమాట. మంచిదే. చెవి వెనక పెట్టిన డై చుక్క దురద పెట్టిందా?”

“ఏ చుక్క?”

“మర్చిపోయారంటే దురద లేనట్టే” అని తనే తేల్చుకుని, సెలూన్ ఆవిడ మెడ దగ్గరి చిన్న పాయకి ముందు రాగి రంగు రాసి చూసుకుంది. తృప్తిగా తలూపి, బ్రష్ అందుకుంది.

తలంతా రంగు పట్టించేసరికి సాయంత్రమైంది. అప్పుడు తలుపు తెరుచుకుంది. పొడుగ్గా, వెడల్పాటి భుజాలతో, మెడలో విజిల్ వేలాడుతూ ఒకావిడ లోపలికొచ్చింది. బంగారు రంగు జుట్టు. కొసలు లేత పచ్చగా ఉన్నాయి.

“సారీ, ఇంటి దగ్గర బస్సు దొరక్క ఆలస్యమైంది.”

సెలూన్ ఆవిడ చేతిలో బ్రష్ కింద పడింది. ఆవిడ తలుపు దగ్గరున్నామెని చూసింది, కుర్చీలో ఉన్నామెని చూసింది, మళ్ళీ తలుపు వైపు చూసింది. “మీరు మీరైతే, మరి ఈవిడెవరు?”

అద్దాలమ్మాయి లేచి నిలబడింది. తలమీంచి రాగి రంగు చుక్క చెంపమీదికి జారింది. పక్కపక్కన నిలబడితే ఇద్దరికీ ఎక్కడా పోలికే లేదు. ముక్కులు వేరు, ఎత్తులు వేరు, టీచరు గొంతు గదంతా నిండేలా ఉంది. ఇన్నాళ్ళూ ఊరంతా మనిషిని వదిలేసి జుట్టుకి దణ్ణం పెడుతోందా?

“మీ కోసమే వెతుకుతున్నాను” అంటూ మొదలుపెట్టి, పలకరింపులు, స్కూటరాయన, పచ్చలైటు, తన ‘సరే సరే’ అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది.

టీచరు మొహంలో నవ్వు పోయింది. గోడ గడియారం చూసి, ఫోన్ తీసి కొలనుకి కలిపింది. “ఆ స్కూటరు నాన్నగారి అమ్మాయి వచ్చిందా? ... ఎప్పుడు? ... నువ్వు పక్కనే ఉన్నావా?” ఆ తర్వాత అవతలివాళ్ళు చెప్పేదంతా వింది. సెలూన్‌లో ఫ్యాను చప్పుడు మధ్య ఏమైనా వినపడుతుందేమోనని అద్దాలమ్మాయి ఫోను దగ్గరికి జరిగింది.

టీచరు ఫోన్ పెట్టేసింది. “దిగింది. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఈదేసింది. వాళ్ళ నాన్న బెంచీ మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాట్ట. ఆ పిల్లేమో ఇంకోసారి అంటూ బయటికి రానంటోందిట.”

“అమ్మయ్య” అంటూ అద్దాలమ్మాయి కుర్చీలో కూలబడింది.

“అమ్మయ్య ఏమిటి! ఏమైనా అయ్యుంటే?” అని గట్టిగా అని, టీచరు అంతలోనే మెత్తబడింది. “నన్నడిగి ఉంటే ఇంకో నెల ఆగమనేదాన్ని. దానికి రాదనుకున్నాను. మీరు చేసింది తప్పే. తిట్టాలనే ఉంది. కానీ ఎలా తిట్టాలో తెలియట్లేదు.”

“తిట్టండి. నాకూ కాస్త స్థిమితంగా ఉంటుంది.”

టీచరు తిట్టలేదు. సెలూన్ ఆవిడే ఉన్నట్టుండి నెత్తి కొట్టుకుంది. “అయ్యో, చుక్క! చుక్క పెట్టింది ఆవిడకి! మీకు డై పడుతుందో లేదో నేను చూడనే లేదు. లేవండి, లేవండి!” ఆమెని సింకు దగ్గరికి లాక్కెళ్ళి, గోరువెచ్చని నీళ్ళతో రంగు కడిగి, కండిషనర్ రాసి, చెవి వెనక ఇంత డై చుక్క పెట్టింది. “ఇప్పుడు రాసింది ఉత్త పైపూత, దానితో భయం లేదు. అసలు డై మాత్రం రెండు రోజులాగి, దురదా మంటా లేకపోతేనే. అంతవరకూ తల రుద్దకండి.” తర్వాత టీచరు వైపు తిరిగింది. “మీ జుట్టుకి ఇవాళ అసలేం వెయ్యను. ముందు ఆ క్లోరిన్ వదిలించాలి. నెలరోజులు టోపీ పెట్టి చూపించండి.”

అలా ఒకరు రాగి రంగుతోనూ, ఒకరు పచ్చ కొసలతోనూ సెలూన్ మెట్లు దిగారు. టీచరు కొలను వైపు వెళ్తూ, “మీకు ఈత రాదా, నిజంగా?” అని అడిగింది. రాదంటే నమ్మలేనట్టు తల అడ్డంగా ఊపుతూ వెళ్ళింది.

మేనత్త తలుపు తీసి ఆ రాగి జుట్టు వైపు చూసింది. “ఇది మధ్యలో స్టేషనా, దిగాల్సిన చోటా?” అని అడిగింది.

“మధ్యలోదే అత్తా.”

“అయితే సరే. లోపలికి రా.”

చెవి వెనక దురద పుట్టలేదు. రెండు రోజుల తర్వాత సెలూన్ ఆవిడ తీరిగ్గా, ఒక్కో పాయా విడదీసి, కుదుళ్ళ నుంచి కొసల దాకా లేత గోధుమ డై రాసింది. కడిగి ఆరబెట్టేసరికి అది చక్కటి ముదురు గోధుమలో నిలిచింది. జుట్టు తెగలేదు, గడ్డిలా బిరుసెక్కలేదు. వేళ్ళు పెడితే జారిపోతోంది. అద్దంలో ఉన్నది తనే. అందులో అనుమానం లేదు.

మర్నాటి నుంచి వీధిలో ఎవరూ పలకరించలేదు.

చేతికర్ర పెద్దాయన పక్కనుంచే వెళ్ళాడు, చూడలేదు. అవతలి పేవ్‌మెంట్ ఆవిడ కూడా అంతే. కోరుకున్నది ఇదే కదా అనుకుంది ఆమె. అయినా షాపు నుంచి ఇంటికి దారి ఎందుకో పొడుగైంది. ఎవరిదో పార్సిల్ వాళ్ళకి తిరిగిచ్చేశాక చేతులు ఇంత ఖాళీగా ఉంటాయని ఆమెకి తెలియదు. ఒకసారి పెద్దాయనకి తనే నవ్వు విసిరింది. ఆయన వెనక్కి తిరిగి, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసుకున్నాడు.

కొన్నాళ్ళకి పండ్ల బండి దగ్గర స్కూటరాయన కనపడ్డాడు. పక్కనే కూతురు, జుట్టు తడిగా ఉంది. పోల్చుకోడని తెలుసు. తల వంచుకుని వెళ్ళిపోవచ్చు. కానీ కాళ్ళు ఆగిపోయాయి.

“మీ అమ్మాయి ఎలా ఈదుతోందండీ?”

ఆయన అయోమయంగా చూశాడు. “బాగానే... మీరెవరో గుర్తు రావట్లేదు.”

“గుర్తుండటానికి మనకి పరిచయం లేదు. నేను కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాను. అప్పట్లో నా జుట్టు బంగారు రంగులో ఉండేది. ఆ రోజు సిగ్నల్ దగ్గర సరే, సరే అన్నది నేనేనండీ. టీచరుగారు కాదు. నాకసలు ఈతే రాదు. తప్పయిపోయింది.”

ఆయన చేతిలో పండు చేతిలోనే ఉండిపోయింది. కోపం వచ్చినట్టు నుదురు ముడిపడింది, అంతలో విడిపోయింది, మళ్ళీ ముడిపడింది. “అంటే... ఈత తెలియని మనిషి మాట మీద నేను పిల్లని... ఉండండి, ఉండండి. మరి ఈదిందిగా! ఇప్పుడు నేను మిమ్మల్ని ఏమనాలి?”

“నాకూ తెలీదండీ. అప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను.”

ఇద్దరూ పండ్ల బండికి చెరో పక్కా నిలబడిపోయారు. బండివాడు తూకం పట్టుకుని వాళ్ళని మార్చి మార్చి చూశాడు. పిల్ల మాత్రం తండ్రి చొక్కా పట్టి లాగుతూ, “ఆంటీ, ఇప్పుడు నేను కొలన్లోకి పైనుంచి దూకుతానంటున్నాను. నాన్న ఒప్పుకోవట్లేదు. మీరు చెప్పండి” అంది.

“నన్నడక్కమ్మా!” అంటూ ఆమె రెండు చేతులూ పైకెత్తేసింది. “నన్ను మాత్రం అడక్కు. టీచరుగారిని అడుగు. పొడుగ్గా ఉంటారు చూడు, ఆవిడని.”

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వుతూనే తల అడ్డంగా ఊపి, కొన్న పండ్లలోంచి ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. అది ఎందుకిచ్చాడో ఆయనకీ తెలిసినట్టు లేదు. ఆమె పుచ్చుకుని, దాన్ని తింటూ ఇంటిదారి పట్టింది.