పాలిష్ డబ్బా మీద రాసింది

ఆ ఇంట్లో మామగారికి వెనకాల పెట్టిన పేరు ఎర్రపెన్సిలు. ముప్ఫయ్యేళ్ళు ఆఫీసులో ఇంకొకళ్ళు రాసినదాంట్లో తప్పులు పట్టి జీతం తిన్నాడాయన. రిటైరయ్యాక కూడా ఆ జబ్బు వదల్లేదు. శుభలేఖ వస్తే ముందు తప్పులు దిద్ది, తర్వాత పెళ్ళెవరిదో చూస్తాడు. తన తప్పు మాత్రం ఈ జన్మలో ఒప్పుకున్న పాపాన పోలేదు.

కోడలు ఆసుపత్రి జీపు నడిపే పనిలో చేరిన రోజున, "కొండ మీదికి జీపు తోలడం ఆడపిల్ల చేసే పనేనా?" అని అలిగి కూర్చున్నాడు. ఏడాదైంది, ఆ పిల్లతో నేరుగా ఒక్క ముక్క మాట్లాడలేదు. ఏం కావాలన్నా భార్య మీదుగానే. "మంచినీళ్ళు కావాలని దానికి చెప్పు," అంటాడు, కోడలు గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నా సరే. ఈ రాయబారం మోసి మోసి అత్తగారి ప్రాణం విసిగిపోయింది.

నిజానికి అలక ఎప్పుడో కరిగిపోయింది. వానాకాలమంతా కోడలు బురదలో పడి కొండ మీదికి మందులు చేరవేస్తుంటే, జీపు చప్పుడు వినబడేదాకా ఆయన గుమ్మంలో పచార్లు చేసేవాడు. మాట కలపడమే ఎలాగో తెలియలేదు, పాపం.

ఇవాళ పరీక్ష. జీపును ఏటవాలు మట్టిదిబ్బ ఎక్కించి దించితే ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే ఈ నెలతో సరి, జీపు ఇంకొకరి చేతికి పోతుంది. మామగారు దారిలో కళ్ళు చూపించుకోవాలన్న వంకతో వెనక సీట్లో ఎక్కాడు. చేతిసంచిలో కొత్త టైరు పాలిష్ డబ్బా దాచుకున్నాడు.

పరీక్ష జరిగే చోటికి చేరి, కోడలు కాగితాల పని మీద అక్కడి ఆఫీసులోకి వెళ్ళగానే ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. రోజూ ఆ పిల్ల చేసేది కిటికీలోంచి చూసి చూసి నేర్చుకున్న పనే. స్క్రూడ్రైవరుతో టైర్ల గాళ్ళలో ఇరుక్కున్న గులకరాళ్ళు ఒక్కొక్కటే పీకాడు. బకెట్టుతో నీళ్ళు తెచ్చి, దారి బురదంతా బ్రష్షుతో తోమాడు. ఇంతవరకు వంక పెట్టడానికి లేదు. ఆ తర్వాతే పాలిష్ తీసి పక్కలకీ, నేలను తాకే చోటికీ, గాళ్ళలోకీ కూడా దండిగా పట్టించాడు. నాలుగు టైర్లూ నిగనిగలాడాయి. లోకంలో అందరి రాతలూ చదివే మనిషి, డబ్బా మీద రాసింది మాత్రం చదవలేదు.

కోడలు పరీక్షాధికారితో కలిసి వచ్చింది. మెరిసే టైర్లను చూసింది, మామగారి తడిసిన చొక్కా చూసింది. అధికారి అప్పటికే ఎక్కి కూర్చోవడంతో వంగి చూడకుండానే బండి తీసింది.

తడి మట్టి మీద సగం ఎక్కగానే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. జీపు ఒక పక్కకి ఒరుగుతూ వెనక్కి జారింది. కింద నిలబడ్డ మామగారికి పై ప్రాణాలు పైనే పోయాయి. కోడలు కంగారుపడకుండా స్టీరింగు నిలబెట్టి, మెల్లగా కిందికి దించింది.

అధికారి దిగి, టైరు మీద వేలు రాసి నలిపి చూశాడు.

"పాలిష్ పక్కలకే పూస్తారు. నేలను తాకే చోట పూస్తే సబ్బు మీద నడిచినట్టే. ఏడాదిగా నడుపుతున్నావు, ఆమాత్రం తెలీదా? ఎవరు పూశారిది?"

"నేనే సార్," అంది కోడలు. మామగారి వైపు చూడను కూడా చూడలేదు.

అధికారి పెన్ను తీసి కాగితం మీద పెట్టాడు. ఆ పెన్ను ఒక మనిషిని ఏం చేయగలదో మామగారికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

"ఆగండి," అన్నాడు. అడుగు ముందుకేసి మళ్ళీ అన్నాడు. "అమ్మాయి కాదు, నేను పూశాను. తప్పు నాది." ఆపైన కోడలి వైపు తిరిగాడు. "నీ బండి అందరి బండ్లకంటే బాగుండాలని పూశానమ్మా. డబ్బా మీద ఏముందో చూసుకోలేదు."

ఏడాది తర్వాత నేరుగా వచ్చిన మాట. కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎవరు పూసినా బయల్దేరే ముందు టైర్లు చూసుకోవాల్సింది డ్రైవరే. దానికి మార్కులు పోతాయి," అన్నాడు అధికారి. "జారే బండిని మాత్రం బాగా దించావు. అరగంట ఇస్తున్నా. మళ్ళీ జారితే ఇక నన్ను అడక్కండి."

ఇద్దరూ కింద కూర్చుని సబ్బునీళ్ళతో తోమారు.

"మీరు లేవండి మామయ్యగారూ, నడుం పట్టేస్తుంది."

"నేను పూసింది నేనే కడగాలి. అదిగో, ఆ గాళ్ళలో ఇంకా జిడ్డుంది, మళ్ళీ తోము."

దిద్దే జబ్బు ఎక్కడికి పోతుంది? కోడలు నవ్వు ఆపుకుంటూ మళ్ళీ తోమింది. తర్వాత మిగిలిన జిడ్డు అరిగిపోయేలా కంకర మీద జీపును ముందుకీ వెనక్కీ నడిపి, టైర్లలో కాస్త గాలి తీసింది.

"గాలెందుకు తీస్తున్నావు?"

"టైరు మెత్తబడితే మట్టిని బాగా పట్టుకుంటుంది. రోడ్డెక్కే ముందు మళ్ళీ కొట్టించుకోవాలి."

ఆయన బుద్ధిగా విన్నాడు.

ఈసారి జీపు ఎక్కడా తడబడకుండా ఎక్కి, దిగింది. బురదలో చక్రాల అచ్చులు తేటగా పడ్డాయి. మామగారు వాటి పక్కనే పైదాకా నడిచి చూసుకున్నాడు. దిద్దాల్సింది ఏమీ కనబడలేదు.

ఇంటికి రాగానే అత్తగారు ఎదురొచ్చి, అలవాటు కొద్దీ మొగుణ్ణే అడిగింది. "ప్యాసయిందా? దానికేం చెప్పమంటారు?"

"ప్యాసయింది. నువ్వేం చెప్పక్కర్లేదు," అని ఆయన లోపలికి వెళ్ళాడు. గ్లాసు నిండా మంచినీళ్ళు తెచ్చి, కోడలి చేతికిచ్చాడు.

"తాగమ్మా," అన్నాడు.